కర్నూలు నుంచి టీవీ న్యూస్‌లోకి: ఇంటర్ పూర్తయినవాళ్లు ఎక్కాల్సిన మెట్లు

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. ఆదోని నుంచి ఒకరు, నంద్యాల నుంచి ఒకరు, మా వీధి చివరింటి అమ్మాయి ఇంకొకరు. "అన్నా, టీవీ న్యూస్‌లో చేరాలని ఉంది, ఏం కోర్సు చేయాలి?" ఐదు నిమిషాల ఫోన్‌లో చెప్పే జవాబు ఎవరికీ సరిపోవడం లేదు. కర్నూలులో స్ట్రింగర్‌గా మొదలుపెట్టి, హైదరాబాద్‌లో ఇన్‌పుట్ డెస్క్ మీద చాలా ఏళ్లు పనిచేశాను. నాకు తెలిసిందంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను.

అడిగేవాళ్లలో ఎక్కువమంది యాంకరింగ్ కోర్సు దగ్గర మొదలుపెడతారు. నేను చెప్పే వరస దానికి తలకిందులుగా ఉంటుంది. ముందు వార్త తేవడం నేర్చుకోవాలి, తర్వాత రాయడం, ఆ తర్వాతే కెమెరా ముందు నిలబడటం. ఇలా వచ్చినవాళ్లకు ఒక చానల్ మూతపడినా ఇంకో చానల్‌లో పని దొరకడం నా కళ్లతో చూశాను.

1. ఏ పని కావాలో ముందు తేల్చుకోండి

తెర మీద మనకు కనిపించేది యాంకర్, రిపోర్టర్. వాళ్ల వెనక పనిచేసేవాళ్లే ఎక్కువ.

- స్ట్రింగర్: మండలం, నియోజకవర్గం స్థాయిలో వార్తలు పంపుతారు. చాలాచోట్ల నెల జీతం ఉండదు, వార్తకు ఇంత అని లెక్క.
- స్టాఫ్ రిపోర్టర్: జిల్లా కేంద్రంలో గానీ పెద్ద నగరాల్లో గానీ జీతం మీద ఉంటారు.
- కెమెరామన్, వీడియో ఎడిటర్: చేతిలో పని ఉంటే డిగ్రీ ఏదని అడిగేవాళ్లు తక్కువ.
- ఇన్‌పుట్ డెస్క్: జిల్లాల రిపోర్టర్లతో మాట్లాడి, ఫీడ్ (వాళ్లు తీసిన వీడియో, వివరాలు) తెప్పించి, వివరాలు సరిచూస్తారు.
- అవుట్‌పుట్ డెస్క్: స్క్రిప్ట్ రాస్తారు, బులెటిన్‌లో ఏ వార్త ముందు, ఏది వెనక అన్న రన్‌డౌన్ వేస్తారు.
- పీసీఆర్: బులెటిన్ ప్రసారమయ్యేటప్పుడు కెమెరాలు, గ్రాఫిక్స్, లైవ్‌లు కలిపి నడిపే గది.
- యాంకర్: ఒక చానల్‌లో ఉండేదే కొద్దిమంది.

ఒక వారం పాటు రోజూ రాత్రి ఒకే బులెటిన్ మొదటి నుంచి చివరి దాకా చూడండి. ప్రతి వార్తకూ నోటు పుస్తకంలో నాలుగు విషయాలు రాయండి: ఎన్ని సెకన్లు నడిచింది, ఎవరి బైట్ (కెమెరా ముందు మాట్లాడిన ముక్క) పెట్టారు, యాంకర్ మొదటి వాక్యం ఏంటి, విజువల్స్ ఎక్కడివి. వారం తర్వాత ఆ పేజీలు తిరగేస్తే మీ మనసు ఎటు లాగుతోందో మీకే తెలుస్తుంది. మాటల దగ్గర ఆగిపోయారా, బొమ్మల దగ్గరా, లేక సంఘటన దగ్గర నేనుంటే బాగుండేదని అనిపించిందా?

2. డిగ్రీ మానొద్దు

ఇంటర్‌తోనే స్టూడియోలో ఉద్యోగం ఇప్పిస్తామనేవాళ్లు దొరుకుతారు. నమ్మొద్దు. చానళ్లు, పత్రికలు నడిపే జర్నలిజం స్కూళ్లకు డిగ్రీ కావాలి. యూనివర్సిటీల్లో ఎంఏ జర్నలిజానికి కావాలి. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ జర్నలిజం సంస్థ ఐఐఎంసీలో పీజీ డిప్లొమాకూ కావాలి. డిగ్రీ లేకుండా లోపలికి వెళ్లినా నాలుగేళ్ల తర్వాత పైమెట్టు ఎక్కడం కష్టం.

మన రాష్ట్రంలో డిగ్రీ ప్రవేశాలు ఓఏఎండీసీ (డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ ప్రవేశాల పద్ధతి) కౌన్సెలింగ్ ద్వారా జరుగుతాయి. జర్నలిజం మేజర్‌గా ఉన్న కాలేజీ అందుబాటులో ఉంటే సరే. లేకపోతే దాని కోసం దూరం పోవాల్సిన పని లేదు. పొలిటికల్ సైన్స్, ఎకనామిక్స్, చరిత్ర, తెలుగు సాహిత్యం, వీటిలో ఏదైనా పనికొస్తుంది. నన్నడిగితే ఎకనామిక్స్ అంటాను. బడ్జెట్ రోజు డెస్క్‌లో లెక్క అర్థమయ్యేవాళ్ల కోసం వెతుక్కుంటారు. బీకాం, బీఎస్సీ చేసినవాళ్లకూ తలుపు మూసేమీ లేదు.

కర్నూలులో సిల్వర్ జూబ్లీ, కేవీఆర్ మహిళా కాలేజీ, ఉస్మానియా కాలేజీ లాంటివి ఊరి మధ్యలోనే ఉన్నాయి. క్లాసు అయిపోయాక కలెక్టరేట్‌కో మార్కెట్ యార్డుకో పోవడానికి వీలుగా ఉండే కాలేజీని ఎంచుకోండి. ఫీజు ఎక్కువ కట్టించుకుని ఊరికి దూరంగా హాస్టల్లో పెట్టే కాలేజీలో చేరితే మీ ప్రాక్టీస్ ఆగిపోతుంది.

సెంట్రల్ యూనివర్సిటీల్లో చదవాలనుకునేవాళ్లు ఇంటర్ రెండో ఏడాదిలోనే సీయూఈటీ (ఆ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) దరఖాస్తు తేదీల మీద ఒక కన్నేసి ఉంచాలి. ఫలితాలు వచ్చాక చూద్దామంటే అప్పటికే గడువు దాటిపోతుంది.

ఇంట్లో టెన్షన్ సహజం. "ఈ లైన్‌లో జీతాలు రావంట కదా" అని నాన్న అడిగితే వాదన పెట్టుకోవద్దు. డిగ్రీ మానను, బీఈడీకి, గ్రూప్స్‌కి దారి తెరిచే ఉంటుంది, ఈ మూడేళ్లు సాయంత్రాలు మాత్రం ఈ పని నేర్చుకుంటానని చెప్పండి. ఇంట్లోవాళ్లకు కావాల్సింది ఆ భరోసా.

3. మొదటి ఏడాది: నాలుక, చెవి, వేళ్లు

రోజుకు నలభై నిమిషాలు చాలు. తప్పకుండా చేయాలి.

*నాలుక.* తెలుగు పేపర్లో ఒక వార్త తీసుకుని గట్టిగా చదువుతూ ఫోన్‌లో రికార్డు చేయండి. వెంటనే వినొద్దు. మరుసటి రోజు వింటే తప్పులు వేరేవాళ్లవి లాగా దొరుకుతాయి. వీటిని గుర్తుపెట్టుకుని వినండి:

- ల, ళ: కల వేరు, కళ వేరు. వేల వేరు, వేళ వేరు.
- ఒత్తులు: బాధ, అధికారి, అధ్యక్షుడు, శాఖ. "బాద", "అదికారి", "సాక" అని పలికితే ఆడిషన్‌లో అక్కడే ఆపేస్తారు.
- శ, ష, స మూడూ మూడు రకాలుగా వినిపించాలి: శాసనసభ, విషయం, సమస్య.
- అర్థం, అర్ధం: మొదటిది భావం, రెండోది సగం. విద్యార్థిలో ఉన్నది "థ".
- ఫలితంలోని "ఫ" పెదవులు కలిపి పలికేది. ఫోన్‌లో "ఫ" లాగా పలకొద్దు.
- విజ్ఞప్తి, జ్ఞాపకం: మెల్లగా పదిసార్లు.

మన యాస గురించి చాలామంది భయపడతారు. "వస్తాండాడు", "యాడికి" అనేది తప్పేమీ కాదు, పోగొట్టుకోవాల్సింది అంతకన్నా కాదు. బులెటిన్ చదివేటప్పుడు చదువుకున్న భాష, పొలం గట్టు మీద రైతుతో మాట్లాడేటప్పుడు ఇంటి భాష, ఈ రెండూ మీ దగ్గర ఉండాలి. హోళగుంద రైతు మైకు చూస్తే బిగుసుకుపోతాడు. మీరు "ఏం పెద్దాయనా, ఎన్నెకరాలు ఏసినావు?" అంటే మనసులోది చెప్తాడు.

ఇంకో లాభం కూడా ఉంది. హోళగుంద, గోనెగండ్ల, కౌతాళం, తుగ్గలి, ఓర్వకల్లు లాంటి పేర్లు బయటి జిల్లాల యాంకర్లు చదవలేక ఇబ్బంది పడతారు. డెస్క్‌లో ఉన్నప్పుడు స్టూడియో వాళ్లు నన్ను పిలిచి "ఇది ఎలా పలకాలి?" అని ఎన్నిసార్లు అడిగారో లెక్కలేదు. మన జిల్లా మండలాల పేర్లన్నీ తప్పు లేకుండా చదవడం ఈ వారమే నేర్చేసుకోండి.

*చెవి.* రేడియో వార్తలు రోజూ ఒక బులెటిన్ వినండి. బొమ్మ లేకుండా వార్త ఎలా అర్థమయ్యేలా చెప్తారో అక్కడ తెలుస్తుంది. కర్నూలులో ఉర్దూ, ఆదోని వైపు కన్నడ తెలిసిన పిల్లలు ఎంతోమంది. ఆ భాషను వదులుకోవద్దు. తుంగభద్ర డ్యాం గేట్ల వార్త మొదట వచ్చేది కన్నడంలోనే.

*వేళ్లు.* యూనికోడ్‌లో తెలుగు టైపింగ్ కీబోర్డు చూడకుండా రావాలి. ఫోన్‌లో వాయిస్ టైపింగ్‌కు అలవాటుపడితే డెస్క్ పరీక్షలో చేతులు ఆడవు. కంప్యూటర్ లేకపోతే కాలేజీ ల్యాబ్‌లో రోజుకు అరగంట అడగండి, ఇస్తారు.

4. రెండో ఏడాది: కర్నూలే మీ స్టూడియో

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదవగలిగితే ఇది చదవండి.

సామాను పెద్దగా అక్కర్లేదు:

- వీడియో సరిగా వచ్చే ఫోన్, అందులో సగమైనా ఖాళీ స్టోరేజ్
- కాలర్ మైక్, దాని మీద గాలి ఆపే చిన్న స్పాంజ్
- చిన్న ట్రైపాడ్
- పవర్ బ్యాంక్
- నోటు పుస్తకం, రెండు పెన్నులు
- కాలేజీ ఐడీ కార్డు

ఫోన్‌ను అడ్డంగా పట్టుకోండి. సెట్టింగుల్లో సెకనుకు 25 ఫ్రేములు ఉంటే అది పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 30 ఫ్రేముల్లో తీస్తే ట్యూబ్‌లైట్ల కింద బొమ్మ మిణుకుమిణుకుమనే ప్రమాదం ఉంది. మన టీవీ ప్రసారం కూడా 25 లెక్క మీదే నడుస్తుంది.

ఎక్కడికి పోవాలి? ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది. జిల్లా నలుమూలల నుంచి జనం అర్జీలు పట్టుకుని వస్తారు. అక్కడ రెండు గంటలు కూర్చుంటే పది వార్తలు దొరుకుతాయి. మొదటి నెల కెమెరా తీయకండి. అర్జీ రాయించుకునే చోట నిలబడి వినండి, అడగండి, రాసుకోండి.

తర్వాత మార్కెట్ యార్డు. ఉల్లి వచ్చే సీజన్‌లో తెల్లవారుజామున పోండి. ఒక వార్తను మొదటి నుంచి చివరి దాకా ఎలా చేయాలో దీని మీదే చెప్తాను.

ఎవరిని అడగాలి: సరుకు తెచ్చిన రైతులు ముగ్గురు, హమాలీ ఒకరు, కొనే వ్యాపారి ఒకరు, యార్డు అధికారి ఒకరు. ఒక్క రైతుతో మాట్లాడి "రైతుల ఆవేదన" అని రాసేస్తే అది సగం వార్తే. వ్యాపారి మాట నచ్చకపోయినా తీసుకోవాల్సిందే.

ఏం అడగాలి: "మీ బాధ ఏంటి?" అని అడిగితే అందరూ ఒకటే జవాబిస్తారు. వివరం అడగండి. ఎన్నెకరాలు? ఎకరాకు ఎన్ని బస్తాలు వచ్చాయి? కోతకు కూలీలకు ఎంత ఇచ్చారు? బాడుగ ఎంత? నిన్న రాత్రి ఎన్నింటికి వచ్చారు? వేలంలో ఎంత పలికింది? చీటీ ఉంటే చూపించమనండి.

ఏ షాట్లు తీయాలి:

- దూరం నుంచి యార్డంతా, ట్రాక్టర్ల వరస
- మధ్య దూరంలో బస్తాలు దించుతున్న హమాలీలు
- దగ్గరగా కాటా ముల్లు, రైతు చేతిలో చీటీ, కుళ్లిన ఉల్లిగడ్డ
- వేలం పాట జరుగుతున్నప్పుడు జనం ముఖాలు
- రైతు ఒక్కడే పని చేసుకుంటున్న రెండు మూడు షాట్లు

ప్రతి షాట్‌లో కెమెరా కదపకుండా మనసులో పది లెక్కపెట్టండి. కొత్తవాళ్లు మూడు సెకన్లకే తిప్పేస్తారు, ఎడిటర్‌కు వాడుకోవడానికి ఏమీ మిగలదు.

బైట్ తీసుకునేటప్పుడు: రైతు ముఖం మీద వెలుతురు పడాలి. సూర్యుడు ఆయన వెనక ఉంటే ముఖం నల్లగా వస్తుంది. ఆయన చూపు లెన్స్ మీద ఉండకూడదు, లెన్స్ పక్కన నిలబడ్డ మీ మీద ఉండాలి. పేరు, ఊరు కెమెరాలోనే చెప్పించుకోండి. రికార్డు చేసిన వెంటనే ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినండి. నా మొదటి నెలలో సుంకేసుల దగ్గర ఒక ముసలాయనతో అరగంట మాట్లాడి వచ్చాను. మునిగిన పొలం గురించి ఆయన ఏడుస్తూ చెప్పిన మాటల్లో ఒక్కటీ రికార్డు కాలేదు. మైకు తీగ సరిగా దిగలేదు. మళ్లీ పోయి ఆయన్ను ఏడిపించలేక ఆ వార్త వదిలేశాను. అప్పటి నుంచి వినకుండా ఏ చోటూ వదిలి రాలేదు.

పీటీసీ: అంటే మీరు కెమెరాలోకి చూస్తూ చెప్పే మాట. ఇరవై సెకన్లు మించొద్దు. విజువల్‌లో చూపించలేని ఒక్క సంగతి చెప్పడానికే వాడండి.

వారానికి ఒకటి చొప్పున ఇలా ఏడాదిలో నలభై వార్తలు చేస్తే, వాటిలో ఐదారు నిజంగా బాగుంటాయి. మీ షోరీల్, అంటే ఉద్యోగం అడిగేటప్పుడు చూపించే మీ పని వీడియో, అదే.

5. స్క్రిప్ట్: చదవడానికి కాదు, వినడానికి

పేపర్ భాషకు అలవాటుపడినవాళ్లు ఇలా రాస్తారు:

"కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి ధరలు గణనీయంగా పతనమైన నేపథ్యంలో రైతాంగం తీవ్ర ఆందోళన వ్యక్తం చేస్తూ గిట్టుబాటు ధర కల్పించాల్సిందిగా ప్రభుత్వాన్ని డిమాండ్ చేస్తున్నారు."

ఒక్క వాక్యంలో ఇన్ని మాటలు చెవికి అందవు. అదే సంగతి టీవీకి ఇలా రాయాలి. అంకెలు ప్రాక్టీస్ కోసం ఊహించి వేశాను:

యాంకర్: "రాత్రంతా ట్రాక్టర్ మీదే జాగారం. తెల్లారి వేలంలో క్వింటాకు ఆరు వందలు. కర్నూలు యార్డుకు ఉల్లి తెచ్చిన రైతుల పరిస్థితి ఇది."

వాయిస్ ఓవర్ (విజువల్స్ మీద వినిపించే గొంతు): "గోనెగండ్ల నుంచి వచ్చిన ఈ రైతు అరవై బస్తాలు దించారు. బాడుగ, హమాలీ ఖర్చు పోగా మిగిలింది కోత కూలీకే సరిపోయింది."

తర్వాత రైతు బైట్, పదిహేను సెకన్లు. ఆ తర్వాత వ్యాపారి బైట్. చివర అధికారి ఏమంటున్నారో.

గమనించండి: వాక్యానికి ఒకే సంగతి. "నేపథ్యంలో", "వ్యక్తం చేశారు" లాంటి మాటలు లేవు. వాయిస్ ఓవర్ ఏ బొమ్మ మీద పడుతుందో తెలిసేలా రాశాం. బైట్‌లో రైతు చెప్పబోయేదే వాయిస్ ఓవర్‌లో ముందుగా చెప్పేయలేదు.

మన జిల్లాలో నీళ్ల వార్త రాయకుండా ఏ రిపోర్టరూ ఉండలేడు కాబట్టి ఈ లెక్క కంఠతా పట్టండి. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపు అడుగులు, అది నిల్వను కొలిచేది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపు అడుగు, అది ప్రవాహాన్ని కొలిచేది. సుమారు 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. శ్రీశైలం పూర్తి స్థాయి నీటిమట్టం 885 అడుగులు. లక్ష క్యూసెక్కులకు బదులు "లక్ష టీఎంసీల వరద" అని స్క్రోలింగ్‌లో పోయిందంటే ఆ రోజు డెస్క్ ఫోన్లు ఆగవు.

6. చూపించకూడనివి

ప్రాక్టీస్ వీడియో అయినా సోషల్ మీడియాలో పెడితే చట్టం వర్తిస్తుంది.

- అత్యాచార బాధితుల పేరు, ముఖం, గుర్తుపట్టే వివరాలు చెప్పకూడదు. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. ఇంటి ముందు భాగం, తండ్రి పేరు, చదివే స్కూలు చూపించినా గుర్తుపట్టేస్తారు.
- లైంగిక దాడికి గురైన పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ ఇంకా కఠినంగా ఉంటుంది.
- కేసులో ఇరుక్కున్న మైనర్ల ముఖం, పేరు జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం బయటపెట్టకూడదు.
- కోర్టు తీర్పు వచ్చేదాకా "నిందితుడు" అనాలి. "దొంగ", "హంతకుడు" అనకూడదు.
- పెద్దాసుపత్రి వార్డుల్లో రోగి ఒప్పుకోకుండా, అధికారుల అనుమతి లేకుండా కెమెరా తీయొద్దు.

ఇంకొకటి చెప్పాలి. దసరా రాత్రి దేవరగట్టు కర్రల సమరం చూసి చాలామంది కుర్రాళ్లు ఫోన్ పట్టుకుని ఆ గుంపులోకి పోతారు. తలలు పగిలే చోటు అది. అనుభవం ఉన్న కెమెరామన్లే ఎత్తైన చోటు చూసుకుని నిలబడతారు. మొదటి రెండేళ్లు దాని జోలికి పోవద్దు.

7. పని చోటుకు చేరడం, మోసాలకు దొరకకపోవడం

రెండో ఏడాది చివర్లో మీ బాగా వచ్చిన మూడు వార్తలు పట్టుకుని జిల్లా కేంద్రంలో ఉన్న స్టాఫ్ రిపోర్టర్లను కలవండి. "ఉద్యోగం ఇప్పించండి" అనకండి. "సెలవుల్లో మీ వెంట తిరిగి నేర్చుకుంటా, ఇవి చూసి తప్పులు చెప్పండి" అనండి. ఐదుగురిలో ఒకరు సరేనంటారు. ఆ ఒక్కరు చాలు. లోకల్ కేబుల్ చానళ్లలో బులెటిన్ చదివే అవకాశం వస్తే వదలొద్దు. రోజూ లైవ్‌లో చదివితే భయం పోతుంది. కర్నూలు ఆకాశవాణి కేంద్రం క్యాజువల్ అనౌన్సర్లకు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు, అర్హత చూసుకుని ఆడిషన్‌కు కూర్చోండి. ఎంపిక కాకపోయినా మీ ఉచ్చారణ ఎక్కడుందో తెలిసొస్తుంది.

ఇక మోసాలు. ఐడీ కార్డు, మైకు లోగో ఇస్తాం, ఇంత డిపాజిట్ కట్టు అనేవాళ్లు వస్తారు. జర్నలిస్టుకు జీతమో, వార్తకు డబ్బో రావాలి. మనం ఎదురు కట్టే చోట వార్తతో పని ఉండదు. ఆ డబ్బు రాబట్టుకోవడానికి రేపు మిమ్మల్ని ఎవరి దగ్గరికో వసూలుకు పంపుతారు. ఒకసారి ఆ ముద్ర పడితే కర్నూలు లాంటి ఊళ్లో పోదు.

నేను స్ట్రింగర్‌గా ఉన్నప్పుడు ఒక చానల్ నాకు ఆరు నెలల డబ్బు ఇవ్వలేదు. పంపిన వార్తల లెక్క నా దగ్గర లేకపోవడంతో గట్టిగా అడగలేకపోయాను. మీరు మాత్రం మొదటి రోజు నుంచే రాసుకోండి: తేదీ, వార్త, ఎన్నింటికి పంపాను, ప్రసారమైందా, ఎవరితో మాట్లాడాను.

ఒప్పుకునే ముందు అడగాల్సినవి:

- వార్తకు ఎంత, ఎన్ని రోజులకు ఇస్తారు?
- యాడ్స్ తేవాలా? తేకపోతే తీసేస్తారా?
- నియామక పత్రం ఇస్తారా?
- అక్రెడిటేషన్‌కు (ప్రభుత్వం జర్నలిస్టులకిచ్చే గుర్తింపు కార్డు) సిఫార్సు చేస్తారా?
- బండి పెట్రోలు ఎవరిది?

8. డిగ్రీ చివరి ఏడాది: శిక్షణకు ప్రవేశం

దారులు మూడున్నాయి.

మొదటిది చానళ్లు, పత్రికలు నడిపే స్కూళ్లు. రామోజీ ఫిల్మ్ సిటీలోని ఈనాడు జర్నలిజం స్కూల్ ఇలాంటిదే. శిక్షణ కాలంలో స్టైపెండ్ వస్తుంది. దానికి బదులుగా కొంతకాలం అక్కడే పనిచేయాలని ఒప్పందం రాయించుకుంటారు. ఆ కాగితం పూర్తిగా చదివే సంతకం పెట్టండి. ఇంట్లో డబ్బుకు ఇబ్బందిగా ఉంటే నేను మొదట చెప్పేది ఈ దారే.

రెండోది యూనివర్సిటీ పీజీ. కడపలో యోగి వేమన, తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లో ఉస్మానియా, సెంట్రల్ యూనివర్సిటీ. రెండేళ్లు పడుతుంది గానీ తర్వాత లెక్చరర్‌గా పోవడానికీ, పీఆర్ (ప్రజా సంబంధాల) ఉద్యోగాలకూ దారి ఉంటుంది.

మూడోది ఢిల్లీ ఐఐఎంసీ, చెన్నైలోని ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజం లాంటివి. ఇంగ్లిష్ గట్టిగా ఉంటే ప్రయత్నించండి. చెన్నైలో ఫీజు బాగా ఎక్కువ, స్కాలర్‌షిప్ సంగతి ముందే కనుక్కోండి.

ప్రవేశ పరీక్షల్లో తెలుగు మీడియం పిల్లలు ఎక్కువగా పోగొట్టుకునేది అనువాదం దగ్గర. ఇంగ్లిష్ పేరా ఇచ్చి తెలుగులో వార్తగా రాయమంటారు. రోజూ ఇంగ్లిష్ పేపర్లో ఒక చిన్న వార్త చదివి, పేపర్ మూసేసి, అమ్మకు చెప్తున్నట్టు తెలుగులో రాయండి. మాటకు మాట పెట్టే అలవాటు రెండు నెలల్లో పోతుంది.

ఇంటర్వ్యూలో మీ ఊరి గురించే అడుగుతారు. "ఆదోని పత్తి మార్కెట్ గురించి చెప్పు", "మీ జిల్లా నుంచి వలసలు ఎందుకు పోతున్నారు?" లాంటివి. రెండో ఏడాదిలో ఆ యార్డులో తిరిగినవాళ్లకు అక్కడ మాట తడబడదు.

9. షోరీల్, ఆడిషన్

షోరీల్ మూడు నిమిషాలు మించకూడదు. మొదటి ఇరవై సెకన్లలోనే మీ బెస్ట్ పీటీసీ ఉండాలి. మ్యూజిక్, ఎగిరే అక్షరాలు వద్దు. తర్వాత ఒక పూర్తి వార్త, చివర ఒక నిమిషం బులెటిన్ రీడింగ్. వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ పడిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి లేదా డ్రైవ్ లింకు ఇవ్వండి. లింకు వేరేవాళ్ల ఫోన్‌లో తెరుచుకుంటుందో లేదో చూసుకోండి.

ఆడిషన్‌కు ఒకే రంగు దుస్తులు వేసుకోండి. సన్నని చారలు, చిన్న గళ్లు తెర మీద అదురుతాయి. వెనక గ్రీన్ మ్యాట్ (ఆకుపచ్చ తెర, ఆ రంగు ఉన్నచోట కంప్యూటర్‌లో వేరే బొమ్మ వేస్తారు) ఉంటుంది కాబట్టి ఆకుపచ్చ అస్సలు వద్దు. టెలిప్రాంప్టర్ (కెమెరా ముందు స్క్రిప్ట్ కదులుతూ కనిపించే తెర) చదివేటప్పుడు కళ్లు ఎడమ నుంచి కుడికి పరుగెత్తడం కనిపిస్తుంది. ఇంట్లో ఫోన్‌లో ప్రాంప్టర్ యాప్ పెట్టి ఆరడుగుల దూరం నుంచి చదివి అలవాటు చేసుకోండి. మధ్యలో ప్రాంప్టర్ ఆపేసి, "బ్రేకింగ్ వచ్చింది, ఒక నిమిషం మాట్లాడు" అంటారు. అప్పుడు ఏం జరిగింది, ఎక్కడ, ఎప్పుడు, తెలిసిందేంటి, ఇంకా తెలియాల్సిందేంటి అన్న వరసలో పోండి. తెలియనిది కల్పించొద్దు.

10. హైదరాబాద్‌లో మొదటి ఆరు నెలలు

మొదట షిఫ్టు రాత్రిదో తెల్లవారుజాముదో పడుతుంది. అమ్మాయిలు చేరేముందే డ్రాప్ వాహనం ఉందా, ఇంటి గుమ్మం దాకా వస్తుందా అని అడిగి తెలుసుకోవాలి. ఇలా అడిగితే ఏమనుకుంటారో అని సంకోచపడొద్దు. రూము ఆఫీసుకు దగ్గరగా తీసుకోండి.

డెస్క్ మీద వేస్తే నిరుత్సాహపడకండి. ఏడాది డెస్క్‌లో కూర్చుంటే ఏ వార్త ఎందుకు పైకొస్తుందో, ఏది ఎందుకు పడిపోతుందో తెలుస్తుంది. మీ జిల్లా రిపోర్టర్‌తో రోజూ ఒకసారి మాట్లాడండి. కర్నూలులో ఏదైనా జరిగిన రోజు డెస్క్ చూపు మీ మీదే ఉంటుంది.

11. తరచుగా జరిగే తప్పులు, సర్దుకునే మార్గం

- వేగంగా చదవడం: వాక్యం చివర పెన్సిల్‌తో గీత పెట్టుకోండి, గీత దగ్గర ఊపిరి తీసుకోండి.
- మాట చివర సాగదీయడం: "చెప్పారూఊ" అని వినిపిస్తే, చివరి అక్షరం కోసేసినట్టు నెల రోజులు చదవండి.
- పేరు తప్పు రాయడం: బైట్ అయ్యాక నోటు పుస్తకం ఇచ్చి వాళ్ల చేతే రాయించుకోండి. రాయడం రాకపోతే మీరు రాసి చదివి వినిపించండి.
- వాట్సాప్‌లో వచ్చిన వీడియోను నిజమనుకోవడం: ఎవరు తీశారు, ఎప్పుడు, ఎక్కడ అని తీసినవాళ్లతోనే మాట్లాడాలి. హంద్రీకి నీళ్లొచ్చిన ప్రతిసారీ 2009 వరద వీడియోలు మళ్లీ తిరుగుతాయి.
- ఫోన్ మెమరీ నిండిపోవడం: బయలుదేరే ముందు రాత్రే ఖాళీ చేసుకోండి.
- నాయకుల చుట్టూ తిరగడం: ప్రెస్‌మీట్ల వార్త అందరి దగ్గరా ఉంటుంది. వారంలో రెండు రోజులైనా ఎవరూ పిలవని చోటుకు పోండి.

ఈ వారం చేయాల్సినవి

- ఓఏఎండీసీ తేదీలు చూసి, మూడు కాలేజీల పేర్లు రాసుకోవడం
- కర్నూలు జిల్లా మండలాల పేర్లు గట్టిగా చదివి రికార్డు చేయడం
- ఒక బులెటిన్ పూర్తిగా చూసి నోటు పుస్తకంలో రాయడం
- యూనికోడ్ టైపింగ్ మొదలుపెట్టడం
- సోమవారం ఉదయం పదింటికల్లా కలెక్టరేట్‌కు చేరడం. ఫోన్ జేబులో ఉంచండి. అర్జీ పట్టుకుని కూర్చున్న ఒక అవ్వ పక్కన కూర్చుని, ఏ ఊరు నుంచి వచ్చిందో, ఇది ఎన్నోసారి రావడమో అడగండి.